అమ్మ, అత్త, బామ్మ వేషాలు వేసే నటీమణులు అన్నేళ్లు ఎలా నిలబడతారు?

హీరోయిన్లు పదేళ్లకే కనుమరుగవుతుంటే, అమ్మ వేషాలు వేసేవాళ్లు సినిమాల్లోనూ సీరియళ్లలోనూ ముప్పై నలభై ఏళ్లు కనిపిస్తూనే ఉంటారు, అదెలా అని అడిగారు. నేను నటుణ్ణి కాను. హైదరాబాద్‌లో డైలీ సీరియళ్లకి ఆరేళ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేశాను. పేరు చూసి పెద్ద ఉద్యోగం అనుకునేరు. క్లాప్ కొట్టడం, కంటిన్యుటీ, అంటే ఏ సీన్లో ఎవరు ఏ బట్టల్లో ఎలా ఉన్నారో, రాసుకోవడం, కెమెరా పక్కన నిలబడి డైలాగులు ప్రాంప్టింగ్ చెప్పడం, అంతే. అందులో నాలుగేళ్లు ఒకే సీనియర్ నటితో గడిచాయి. పేరు ఎందుకులెండి, సెట్లో అందరం అమ్మా అనే పిలిచేవాళ్లం. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమ వెనకాలే హైదరాబాద్ వచ్చి, సినిమాలు తగ్గాక సీరియళ్లలోకి దిగిన మనిషి. నాకు తెలిసిందంతా ఆవిడ దగ్గర చూసిందే.

సీరియల్లో రియాక్షన్ షాట్లు ఎలా తీస్తారో చెప్పాలి ముందు. సీన్ అయిపోయాక ఎదుటి ఆర్టిస్టు మేకప్ రూముకి వెళ్లిపోతాడు. మిగిలినవాళ్లని ఒక్కొక్కరినే కెమెరా ముందు నిలబెట్టి "అమ్మా, ఇటు చూడండి, షాక్. ఇప్పుడు అటు, బాధ. ఇప్పుడు కోపం" అని గబగబా లాగించేస్తారు. చాలామంది చెప్పినవి చెప్పినట్టు వరసగా ఇచ్చేసి ఫోన్ అందుకుంటారు. ఈవిడ మాత్రం డైరెక్టర్ని వదిలేసి నావైపు తిరిగేది. "ఆ షాక్ ఏ మాటకి నాన్నా?"

నేను కాగితం చూసి ఆ డైలాగ్ చదవాలి. ఊరికే గొణిగితే ఒప్పుకునేది కాదు. "నువ్వు నా కొడుకువి, ఇల్లు అమ్మేశానని చెబుతున్నావు. చెప్పు" అనేది. నేను సిగ్గుపడుతూనే కాస్త గట్టిగా "ఇల్లు అమ్మేశానమ్మా" అనేవాణ్ణి. అప్పుడావిడ వెంటనే షాక్ అయ్యేది కాదు. ముందు విననట్టు ఉండేది, చేతిలో చిక్కుడుకాయ ఈనె తీయడం సగంలో ఆగేది, ఆ తర్వాత కళ్లు పైకి లేచేవి. ఎడిటర్ ఆ షాట్ దొరికిందంటే పండగ చేసుకునేవాడు. పక్కన నిలబడ్డ కొత్త హీరోయిన్ ముఖంలో ఏ భావం పలక్కపోయినా, ఈవిడ షాట్ రెండుసార్లు వేస్తే సీన్ నిలబడిపోయేది. ఆ హీరోయిన్‌కి బాగా చేసిందని పేరు కూడా వచ్చేది, అది వేరే విషయం.

నా లెక్కలో మీ ప్రశ్నకి సగం జవాబు అదే. పక్క వేషంలో ఉన్నవాళ్ల పని చాలావరకు వినడం. మాట్లాడేది హీరో, ఏడ్చేది హీరోయిన్. వాళ్ల మాటకి విలువ తెచ్చేది ఎదురుగా వింటున్న ముఖం. సజెషన్లో, అంటే కెమెరాకి వీపు పెట్టి నిలబడాల్సిన షాట్లో కూడా ఆవిడ డైలాగ్ పూర్తిగా చెప్పేది. "నా వీపే కదా కనపడేది, అసిస్టెంటు చదువుతాడులే" అని వెళ్లిపోవడం ఒక్కసారి కూడా చూడలేదు. ఇలాంటి ఆర్టిస్టు ఉంటే టేకులు తగ్గుతాయి, సాయంత్రానికి సీన్లు పూర్తవుతాయి. తర్వాతి సీరియల్‌కి కో-డైరెక్టర్ ఆర్టిస్టుల లిస్టు రాసేటప్పుడు మొదట గుర్తొచ్చేది ఆ పేరే.

మిగతా సగం జవాబు ఆవిడ పెట్టెలో ఉండేది. సీరియల్ ఆర్టిస్టుల్లో చాలామంది చీరలు సొంతంగా తెచ్చుకుంటారని బయటవాళ్లకి తెలియదు. ఆవిడ ఒక్కో చీరనీ దాని జాకెట్టు, గాజులతో సహా ఒక్కో ప్లాస్టిక్ కవర్లో పెట్టి, లోపల ఒక చీటీ ఉంచేది. ఏ సీరియల్, ఎన్నో ఎపిసోడ్, ఏ సీను, బొట్టు ఎంత పెద్దది, కొంగు భుజం మీదా నడుముకా, అన్నీ అందులో ఉండేవి. నాలుగు ఎపిసోడ్లకి సంబంధించిన హాలు సీన్లన్నీ ఒకేరోజు తీసేస్తారు కాబట్టి ఒక్క గాజు తేడా వచ్చినా తెర మీద తెలిసిపోతుంది. ఒకసారి నేను కంటిన్యుటీ పుస్తకం ఇంట్లో మర్చిపోయి, ధైర్యంగా ఆకుపచ్చ చీర అని చెప్పేశాను. ఆవిడ ఏమీ అనలేదు. చీటీ తీసి నా చేతిలో పెట్టింది. వంగపండు రంగు. డైరెక్టర్ వినేలోపే మార్చుకుని వచ్చేసింది. ఆ రోజు నా ఉద్యోగం ఆ చీటీ వల్లే నిలిచింది.

వయసు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే. మన సినిమాల్లో కాలం మగవాళ్లకి ఒకలా, ఆడవాళ్లకి ఒకలా నడుస్తుంది. 1972లో 'బడి పంతులు'లో ఎన్టీఆర్‌కి మనవరాలిగా వేసిన శ్రీదేవి 1979లో 'వేటగాడు'లో ఆయన పక్కన హీరోయిన్. అన్నపూర్ణ గారు 1975లో 'స్వర్గం నరకం'లో హీరోయిన్, ఆ తర్వాత మనందరికీ గుర్తున్నది అమ్మగానే. ఆ మలుపు దగ్గర అలిగి ఇంట్లో కూర్చున్నవాళ్లు ఎంతమందో. మా సెట్లో అమ్మగారికి తొలిసారి తల్లి వేషం వచ్చేనాటికి ఇంకా ముప్పై నిండలేదట, కొడుకుగా వేసిన హీరో ఆవిడ కన్నా పెద్దవాడట. "రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే తెల్లజుట్టు పెట్టించుకున్నా" అని నవ్వుతూ చెప్పేది. నవ్వులో ఎంత నిజముందో నేను అడగలేదు.

ఇంకొందరు ఒక ముద్రనే ఆస్తి చేసుకున్నారు. సూర్యకాంతం గారి గయ్యాళితనం ఎంత నాటుకుపోయిందంటే ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికే జనం జంకారు. ఆ ఎడమచేతి విసురు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. నిర్మలమ్మ గారు నాటకాల నుంచి వచ్చి తెలుగువాళ్లందరికీ బామ్మ అయిపోయారు, 'మయూరి'కీ 'సీతారామరాజు'కీ నంది అవార్డులు అందుకున్నారు. 'సాగర సంగమం' (1983)లో కమల్‌హాసన్ తల్లిగా వేసిన డబ్బింగ్ జానకి గారి పేరులోనే ఆవిడ ఇంకో జీవనోపాధి ఉంది. గొంతు ఉన్నవాళ్లకి వేషం లేని రోజు కూడా పని దొరుకుతుంది.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక ఈ తరానికి మళ్లీ ఊపిరి వచ్చింది. సినిమాలో అమ్మకి నాలుగు సీన్లుంటే గొప్ప. సీరియల్లో అత్తగారే కథ. నెలకి పదిహేను రోజులు ఖాయంగా పని. అయితే సుఖమేం కాదు. పేమెంట్ రోజు లెక్కన మాట్లాడుకుంటారు, చెక్కు మాత్రం మూడు నెలలకి వస్తుంది. నేను పనిచేసిన ఒక కంపెనీ అయితే నాకివ్వాల్సిన చివరి రెండు నెలల డబ్బులు ఇప్పటికీ ఇవ్వలేదు.

మా సీరియల్లో అమ్మగారి పాత్ర కూడా డబ్బుల దగ్గరే పోయింది. రెండేళ్ల తర్వాత రోజుకి కొంచెం పెంచమని అడిగింది. సరేనన్నారు. మరుసటి వారం స్క్రిప్టులో గుండెపోటు వచ్చింది. హాల్లో ఫోటో, ఫోటోకి దండ. ఆ తర్వాత ఏడాదిన్నర కొడుకూ కోడలూ ఏ గొడవ పడ్డా వెళ్లి ఏడ్చేది ఆ ఫోటో ముందే. ఫోటోకి పేమెంట్ ఉండదు కదా.

అప్పటికే ఆవిడ అదే స్టూడియోలో పక్క ఫ్లోర్‌లో ఇంకో సీరియల్‌కి అత్తగారు. ఓసారి లంచ్ బ్రేక్‌లో మా సెట్‌కి వచ్చి, హాలు మధ్యలో నిలబడి తన ఫోటోని కాసేపు చూసింది. ప్రొడక్షన్ కుర్రాణ్ణి పిలిచింది.

"ఒరేయ్, ఆ దండ దులపరా. అంత దుమ్ము పట్టిందేంటి? క్లోజప్‌లో కనపడుతుంది."