నోకియా పెట్టె మీద హెచ్‌ఎండీ అని ఎందుకుంది?

నాన్నగారికి కొన్న కొత్త నోకియా ఫోను పెట్టె మీద హెచ్‌ఎండీ గ్లోబల్ అని ఉందనీ, నోకియాను మైక్రోసాఫ్ట్ కొని ముంచేసిందంటారు కాబట్టి ఇది అసలుదేనా అనీ అడిగారు. అసలుదే, నిశ్చింతగా వాడమనండి. అయితే మైక్రోసాఫ్ట్ ముంచేసిందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. 2005 నుంచి పదకొండేళ్లు నెల్లూరులో సెల్‌ఫోన్ల దుకాణం నడిపాను. బేరం కుదిరింది 2013లో. జనం నోకియాకు దూరం కావడం అంతకు నాలుగేళ్ల ముందే మా కౌంటరు దగ్గర మొదలైంది.

మొదట్లో ఫోనంటే నోకియాయే. 1100 మోడల్‌ను ఎవరూ నంబరుతో అడిగేవారు కాదు, ‘టార్చి లైటు ఫోను ఇవ్వండి’ అనేవారు. కరెంటు లేని రాత్రి చేనుకు నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతుకు అంతకంటే ఏం కావాలి? ప్రపంచమంతటా ఆ ఒక్క మోడలే 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

మా ఊళ్లో నోకియాకు తొలి దెబ్బ ఐఫోను వల్ల తగలలేదు. రెండు సిమ్‌ల వల్ల తగిలింది. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా పథకంతో వచ్చాక టెలికాం కంపెనీలన్నీ పోటీపడి ఛార్జీలు తగ్గించాయి. దేంట్లో చౌక అయితే ఆ సిమ్ కొనేవారు. రెండో సిమ్‌ను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, మాటిమాటికీ ఫోను వెనక మూత ఊడదీసి మార్చుకునేవారు. ఆ అవస్థను మైక్రోమాక్స్, కార్బన్ వంటి కంపెనీలు ముందుగా గమనించాయి. నోకియా రెండు సిమ్‌ల ఫోన్లు మా దుకాణానికి సరిగ్గా అందేసరికి 2011 వచ్చింది. అప్పటికే ఎందరో తమ అలవాటు మార్చుకున్నారు.

అసలు తప్పు కూడా అదే ఏడాది జరిగిందని నా అభిప్రాయం. మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చి నోకియా పగ్గాలు అందుకున్న స్టీఫెన్ ఈలాప్, ఇకపై తమ స్మార్ట్‌ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌గా పాత సింబియన్ బదులు మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోనే ప్రధానమని 2011 ఫిబ్రవరిలో ప్రకటించారు. దానితో నడిచే తొలి లూమియా ఫోన్లు మాత్రం ఆ ఏడాది చివరికి గాని రాలేదు. నా అరలో ఉన్న సరుకుకు రేపు లేదని నేనే చెప్పుకుంటే ఆ సరుకు ఎవరు కొంటారు? ఆ నెలల్లోనే శామ్‌సంగ్ గెలాక్సీ వై వంటి చవక ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చిపడ్డాయి. పైగా, 2012లో విండోస్ ఫోన్ 8 వచ్చినప్పుడు అప్పటిదాకా అమ్మిన లూమియాలకు అది అందదని తేల్చేశారు.

అయినా లూమియా 520 మంచి ఫోను. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆ ధరలో అంత చురుగ్గా పనిచేసే ఫోను 2013లో నా దుకాణంలో మరొకటి లేదు. ఒకరోజు తండ్రీకొడుకులు వచ్చారు. ‘‘నోకియానే చూపించండి, కింద పడినా ఏమీ కాదు’’ అన్నాడు తండ్రి. డిగ్రీ చదివే ఆ కుర్రవాడు 520ను ముచ్చటగా చేతిలో తిప్పి చూసి, ‘‘అన్నా, ఇందులో యూట్యూబ్ యాప్ ఉందా?’’ అన్నాడు. ఏం చెప్పను? విండోస్ ఫోన్ల కోసం మైక్రోసాఫ్ట్ సొంతంగా తయారుచేసిన యూట్యూబ్ యాప్‌ను తీసేయాలని గూగుల్ ఆ మే నెలలో పట్టుబట్టింది. మార్చి మళ్లీ విడుదల చేస్తే ఆగస్టులో పనిచేయకుండా ఆపేసింది. బ్రౌజర్‌లో చూడవచ్చని చెప్పాను. వాళ్లు శామ్‌సంగ్ తీసుకుని వెళ్లారు.

ఇక ఆ సెప్టెంబరులో కుదిరిన బేరం సంగతి. మొత్తం 544 కోట్ల యూరోలు. అందులో 379 కోట్లు ఫోన్ల వ్యాపారానికి, 165 కోట్లు పేటెంట్లను వాడుకునే హక్కుకు. వాడుకునే హక్కు మాత్రమే. పేటెంట్లు నోకియావే, నెట్‌వర్క్ పరికరాల వ్యాపారమూ నోకియాదే. అంటే నష్టాల్లో కూరుకుపోతున్న భాగాన్ని అమ్మి మిగతా ఇంటిని నిలబెట్టుకున్నారు. 2015లో 1,560 కోట్ల యూరోల విలువకు అల్కాటెల్-లూసెంట్‌ను కొంటామని ప్రకటించింది కూడా ఈ నోకియాయే. మునిగింది కొన్నవారు. 2015 జూలైలో మైక్రోసాఫ్ట్ ఈ కొనుగోలు కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుని, 7,800 ఉద్యోగాలు తీసేసింది. బేరం నాటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ తన సహచరుల అభిప్రాయం అడిగినప్పుడు ఈ కొనుగోలు వద్దన్నానని, ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చిన సత్య నాదెళ్ల తర్వాత రాశారు. వద్దన్న ఆ హైదరాబాదు మనిషి చేతుల మీదుగానే ఆ నష్టాన్ని లెక్కల్లో చూపవలసి వచ్చింది.

ఈ కథలో నన్ను ఇప్పటికీ బాధించేది చెన్నై పక్కనున్న శ్రీపెరుంబుదూరు కర్మాగారం. 2006లో మొదలై, ఒక దశలో ఎనిమిది వేల మంది దాకా పనిచేసిన చోటు. సాఫ్ట్‌వేర్ కోసం ఫిన్లాండుకు పంపిన సొమ్ము మీద పన్ను కట్టలేదంటూ ఆదాయపు పన్ను శాఖతో వివాదం రేగింది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు 3,500 కోట్ల రూపాయలకు హామీ ఇవ్వాలన్నది. దాంతో ఆ కర్మాగారం బేరంలో చేరకుండా విడిగా మిగిలిపోయింది. కొన్నాళ్లు మైక్రోసాఫ్ట్ కోసం ఫోన్లు తయారుచేసింది. ఆ ఒప్పందం ముగియడంతో 2014 నవంబరు 1న ఉత్పత్తి ఆగిపోయింది. అక్కడ పనిచేసినవారిలో పెళ్లికాని ఆడపిల్లలు ఎందరో. నోకియా ఉన్న ఫిన్లాండు, మైక్రోసాఫ్ట్ ఉన్న రెడ్‌మండ్, ఢిల్లీల మధ్య నడిచిన వ్యవహారంలో వాళ్ల మాట ఎవరడిగారు? నా నష్టం దాని ముందు చిన్నది. ఆ రోజుల్లోనే ఒక కంపెనీ ఫోన్ల ధర ఒక్కసారిగా పడిపోయింది. తేడా సొమ్ము ఇస్తానన్న డిస్ట్రిబ్యూటర్ మొహం చాటేశాడు. అరలో ఉన్న పద్నాలుగు ఫోన్లు నష్టానికే అమ్ముకున్నాను.

మీ పెట్టె మీది పేరుకు వస్తాను. 2016 మేలో మైక్రోసాఫ్ట్ మామూలు ఫోన్ల వ్యాపారాన్ని 35 కోట్ల డాలర్లకు ఫోన్లు తయారుచేసే తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్‌కు చెందిన ఎఫ్‌ఐహెచ్‌కూ, హెచ్‌ఎండీకీ అమ్ముతున్నట్టు ప్రకటించింది. హెచ్‌ఎండీ ఫిన్లాండు కంపెనీయే, పాత నోకియా ఉద్యోగులు చాలామంది అందులో చేరారు. పేరు వాడుకున్నందుకు నోకియాకు రుసుము కడుతుంది. నాన్నగారిది 105 మోడల్ అయితే ఒకసారి పైభాగం చూడమనండి. ఆ టార్చి లైటు ఇంకా అక్కడే ఉంది.