వైఫై కనెక్ట్ అయినా రూటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకోకపోతే ఏం చేయాలి?

ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. వైఫైలో నెట్ రాకపోతే ఫోన్ దానంతటదే డేటా మీదకు వెళ్లిపోతుంది, ఇక రూటర్ పేజీ దొరకదు. ఆ పేజీ అడ్రస్ అన్ని రూటర్లకూ 192.168.1.1 కాదు, కొన్నిటికి 192.168.0.1 ఉంటుంది. వైఫై వివరాల్లో 'గేట్‌వే' అని కనిపించే నంబరే మీది. దాన్ని సెర్చ్ బాక్స్‌లో కాకుండా బ్రౌజర్ అడ్రస్ బార్‌లో కొట్టండి.

కంప్యూటర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబరు) 169.254తో మొదలైతే రూటర్ నుంచి దానికి అడ్రస్ రాలేదని అర్థం. రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసి, ల్యాన్ కేబుల్‌తో ప్రయత్నించండి. ఫైబర్ బాక్స్‌పై ఎల్ఓఎస్ లైటు (సిగ్నల్ రావట్లేదని చెప్పేది) ఎర్రగా వెలుగుతుంటే నెట్ రాకపోవడానికి లోపం లైన్‌లోనే, కంప్లైంట్ ఇవ్వండి.

రూటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో నొక్కే రీసెట్ మాత్రం దయచేసి చివరికే. పీపీపీఓఈ (రూటర్ లాగిన్ అయితేనే నెట్ వచ్చే) కనెక్షన్ అయితే దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. ఆపరేటర్‌ని అడిగి అవి రాసిపెట్టుకున్నాకే నొక్కండి.