మూడు జబ్బులకూ మూలం ఒకటేనా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర ఒక పల్లె. పొగాకు సాగు చేస్తాము. మా మామగారికి 52వ ఏట పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ఆయన తమ్ముడికి నిరుడు గుండెపోటు వచ్చింది. మా అత్తగారికి పదేళ్లుగా షుగరు ఉంది. ఇప్పుడు కిడ్నీలు దెబ్బతింటున్నాయంటున్నారు. ఆమెది మేనరికం కాదు, ఉదయగిరి వైపు నుంచి వచ్చిన బయటి సంబంధం. ఇదంతా వంశంలో ఉన్న దోషమని పెద్దలు అంటారు. మా వారికి 38 ఏళ్లు. రోజుకు నాలుగైదు చుట్టలు కాలుస్తారు. ఒంట్లో ఏ బాధా లేదు కదా, పరీక్షలెందుకంటారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అత్తగారిది బయటి సంబంధమని రాసి మంచి పని చేశారు. వంశమే కారణమైతే, వేరే ఇంట పుట్టి వచ్చిన ఆమెకు ఈ బాధ ఎందుకు రావాలి? ఆమె ఆ ఇంటి రక్తం పంచుకోలేదు గానీ, ఇన్నేళ్లుగా ఆ ఇంటి వంట, ఆ ఇంటి పొగ పంచుకున్నారు. వంశానికి పాత్ర లేదనడం లేదు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే ముప్పు ఎక్కువేనని లెక్క. మీ వారు ఆ లెక్కలోకి వస్తారు కనుకనే మిగిలిన కారణాలను ఆయన మరింత గట్టిగా పట్టించుకోవాలి.

పక్షవాతం, గుండెపోటు, కిడ్నీ జబ్బు మూడు వేర్వేరు పేర్లే గానీ, చాలామందిలో దెబ్బ మొదట తగిలేది రక్తనాళాల లోపలి పొరకు. అధిక రక్తపోటు ఆ పొరను ఒరిపిడి పెడుతుంది, షుగరు దానిని బలహీనపరుస్తుంది, పొగాకు గాయపరుస్తుంది, అక్కడ చెడు కొలెస్ట్రాల్ పేరుకుంటుంది. అలా పాడైన చోట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ గుండె నాళంలో అడ్డుపడితే గుండెపోటు, మెదడు నాళంలో అడ్డుపడితే పక్షవాతం; కిడ్నీలోని సన్నని నాళాలు పాడైతే వడపోత దెబ్బతింటుంది. 52 దేశాల రోగులను పరిశీలించి 2004లో వెలువరించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మొదటిసారి వచ్చే గుండెపోట్ల ముప్పులో 90 శాతానికి పైగా తొమ్మిది అంశాలతోనే ముడిపడి ఉన్నట్లు తేలింది. పొగాకు, రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాల్, నడుము చుట్టూ కొవ్వు వాటిలో ఉన్నాయి.

బాధ లేదు గనుక పరీక్ష అక్కర్లేదనడం చాలా ప్రమాదం, ఎందుకంటే రక్తపోటు ఏళ్ల తరబడి ఏ నొప్పీ తెలియనివ్వకుండానే పెరుగుతుంది. 30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగానే చూస్తారు. చూపించుకునే ముందు అరగంట చుట్ట గానీ, కాఫీ గానీ తాగకుండా, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చేతిని గుండె ఎత్తులో ఆనించి చూపించుకోవాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటే అది అధిక రక్తపోటే. పరగడుపున షుగరు 126 లేదా ఆ పైన ఉన్నట్లు రెండోసారి కూడా తేలితే మధుమేహమే.

చుట్ట విషయం దాచకుండా చెప్పాలి. ఆకు మీ చేలోనే పండుతుంది, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకొని మంట చూసుకునేవారికి చుట్ట తోడవుతుంది. ఆ అలవాటు ఎలా పడుతుందో నాకు తెలుసు. పొగ లోపలికి పీల్చడం లేదనే సమాధానం మాత్రం చెల్లదు. చుట్టలోని నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలో కలుస్తుంది. పూర్తిగా మానివేస్తే ఏడాదికల్లా, పొగాకు వల్ల అదనంగా వచ్చిన గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. తగ్గించడం కాదు, మానడమే కావాలి.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే చాలంటుంది. అంటే, నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు 600 గ్రాములు, అదీ ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపల్లోని ఉప్పుతో కలిపి. మీ ఇంట్లో కిలో ప్యాకెట్టు ఎన్నాళ్లకు అయిపోతోందో ఒకసారి చూసుకోండి. మజ్జిగన్నంలో విడిగా కలుపుకునే ఉప్పును ఈ రోజే ఆపవచ్చు.

మీ అత్తగారు మోకాళ్ల నొప్పులకు మందుల దుకాణంలో మాత్రలు కొని వేసుకునే అలవాటు ఉంటే వెంటనే మాన్పించండి. అవి కిడ్నీలను మరింత పాడుచేస్తాయి. మామగారు బీపీ మాత్రలు వాడుతుంటే, అంకెలు బాగున్నాయని ఆపకూడదు. అవి బాగున్నది మాత్రల వల్లనే.

ఎవరికైనా అకస్మాత్తుగా మూతి వంకరపోయినా, చేయి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా పసరు మందు కోసం తిరగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు స్కాన్ తీసి, గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి సాధారణంగా నాలుగున్నర గంటలే వ్యవధి. అందుకని లక్షణాలు ఏ గంటకు మొదలయ్యాయో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.