బోర్డ్‌వాక్ గురించి రాయబోతున్న తమ్ముడికి

చిరంజీవికి ఆశీస్సులు.

న్యూజెర్సీ తీరంలోని అట్లాంటిక్ సిటీ బోర్డ్‌వాక్, అంటే సముద్రపు ఒడ్డు వెంట చెక్కలతో వేసిన నడక బాట మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. చూపు బాగుంది, వాక్యం ఆగకుండా నడుస్తోంది. అలలు, సూర్యోదయం, కాసినోల దీపాలు అన్నీ ఉన్నాయి. నీ కాళ్ల కింద ఉన్న చెక్కకు మాత్రం ఒకే ఒక్క వాక్యం దక్కింది: 'నూటయాభై ఏళ్ల నాటి చెక్క బాట'. ఆ చెక్కలకు అంత వయసు లేదు తమ్ముడూ. అక్కడ పాతది ఆ దారి, ఆ దారి మీద నడిచే అలవాటు. చెక్క, మేకు, దూలం, దుకాణం, హోటలు అన్నీ ఎప్పటికప్పుడు మారుతూనే వచ్చాయి. సముద్రపు ఒడ్డు కట్టడాల మీద రాసేవాళ్లు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే. అందుకే నేను మొదట చెప్పేది ఇది: ఏ వస్తువు పేరు ఎత్తినా, అది ఏ సంవత్సరంలో ఉన్న వస్తువో కూడా రాయి.

మొదటి బాట ఎందుకు పుట్టిందో తెలిస్తే తర్వాతివన్నీ అర్థమవుతాయి. సముద్రంలో ఆడుకుని వచ్చిన జనం కాళ్లకు పట్టిన ఇసుక రైలు పెట్టెల్లోకీ హోటళ్ల తివాచీల మీదికీ చేరేది. దాన్ని ఆపాలని రైలు కండక్టర్ అలెగ్జాండర్ బోర్డ్‌మన్, హోటల్ యజమాని జేకబ్ కీమ్ పూనుకున్నారు. 1870 జూన్ 26న బాట తెరిచారు. పొడవు ఒక మైలు, వెడల్పు 8 అడుగులు, ఇసుకకు అడుగున్నర ఎత్తు. 12 అడుగుల ముక్కలుగా చేసి పరిచారు; మన ఊళ్లలో ఎండాకాలం చలువపందిరి వేసి, కాలం దాటగానే విప్పి దాచుకున్నట్టు, చలికాలం వచ్చేసరికి ఆ ముక్కలు ఎత్తేసి లోపల పెట్టేవారు. అంటే పుట్టుకతో అది కట్టడమే కాదు, సామాను. ఈ సంగతి నీ వ్యాసంలో మొదటి పేజీలోనే ఉండాలి.

తర్వాత తుఫానులకు కొట్టుకుపోయిన ప్రతిసారీ బాట మరింత వెడల్పుగా, మరింత ఎత్తుగా లేచింది. 1884లో శాశ్వతంగా ఎత్తు మీద కట్టారు. ఎత్తు పెరిగేసరికి పక్కనుంచి జనం కింద పడటం మొదలైంది, దాంతో కటకటాలు వచ్చాయి. 1889 తుఫాను తర్వాత 1890లో 24 అడుగుల వెడల్పుతో ఇంకొకటి కట్టారు. 1896లో ఉక్కు స్తంభాలు, ఉక్కు దూలాల మీద 40 అడుగుల బాట లేచింది. ఆ ఏడే నగరం దాన్ని 'బోర్డ్‌వాక్' అనే పేరుతో అధికారికంగా వీధిగా ప్రకటించింది. వీధి అయ్యాక దానికి చిరునామాలు వచ్చాయి, చిరునామా ఉన్న చోట ముఖద్వారం మీద డబ్బు ఖర్చు పెట్టడానికి కారణం దొరికింది. హోటళ్ల హంగుల గురించి రాసేముందు ఈ వెడల్పుల లెక్క చెప్పకపోతే, ఆ హంగులు ఎందుకు పుట్టాయో పాఠకుడికి అంతుపట్టదు. 8 అడుగుల బాట మీద నడిచేవాడు కాలు చూసుకుంటాడు. 40 అడుగుల బాట మీద నడిచేవాడు తలెత్తి మేడలు చూస్తాడు.

ఇక చెక్క దగ్గరకు రా. పొద్దున్నే వెళ్లు. ఆ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి ఉదయపు ఎండ సముద్రం మీదుగా ఏటవాలుగా వచ్చి బాట మీద పడుతుంది. మధ్యాహ్నం కంటికి ఆనని ఎగుడుదిగుళ్లన్నీ అప్పుడు నీడలతో బయటపడతాయి. వంగి కూర్చో. జేబులో చిన్న టేపు, బలపం, గీతల నోటుబుక్కు ఉంటే చాలు.

పలకలు ఏ దిక్కుగా పరిచారో ముందు చూడు. చాలాచోట్ల అవి అడ్డంగానో నిలువుగానో కాకుండా, 45 డిగ్రీల ఏటవాలులో రెండు పక్కల నుంచి వచ్చి మధ్యలో కలుస్తాయి, చేప ముల్లులా. దీనికి అందం ఒక్కటే కారణం అనుకోకు. పలకల మధ్య సందు నడిచే దిక్కుకు సమాంతరంగా ఉంటే చక్రం అందులో దిగిపోతుంది, ఏటవాలుగా ఉంటే దాటిపోతుంది. పలకలు పొట్టిగా ఉంటాయి కాబట్టి పాడైన ఒక్కదాన్ని తీసి మార్చడం కూడా తేలిక. న్యూయార్క్‌లో 1923లో తెరిచిన కోనీ ఐలండ్ బోర్డ్‌వాక్ 80 అడుగుల వెడల్పు. అక్కడ కూడా ఇదే ఏటవాలు పద్ధతి, కానీ తోపుడు కుర్చీల (మనిషిని కూర్చోబెట్టి వెనకనుంచి నెట్టే చక్రాల కుర్చీల) కోసం మధ్యలో రెండు నిలువు పట్టీలు విడిగా వేశారు. ఇలా ఏటవాలుగా పరిచే విధానానికి ఒక బలహీనత ఉంది: పలకల కొసలన్నీ ఒకే దూలం మీద వచ్చి కలుస్తాయి. చెక్క నీళ్లు ఎక్కువగా తాగేది కొసల నుంచే. కాబట్టి ఆ దూలం పైభాగం ముందుగా చివికిపోతుంది. పైనున్న పలక గట్టిగానే కనిపిస్తుంది, కాలు వేస్తే మాత్రం మెత్తగా దిగుతుంది. అలాంటి చోటు నీకు తగిలితే, ఆ కారణంతో సహా ఒక వాక్యం రాయి. దానికున్న బలం పది ఉపమానాలకు రాదు.

తర్వాత పలక కొసలో, చెట్టుకు ఏటేటా పడే వలయాలు చూడు. చేవ ఉన్న వైపు కిందికి, బెరడు వైపు పైకి వేస్తే, ఎండేకొద్దీ అంచులు పైకి లేచి మధ్యలో సన్నని గుంట పడుతుంది, అక్కడ నీరు నిలుస్తుంది. చేవ వైపు పైకి వేస్తే ఆ బాధ తగ్గుతుంది గానీ, పైన్ కర్రలో వలయాల పొరలు విడి పెచ్చులు లేస్తాయి, వట్టి కాళ్లతో నడిచేవాళ్లకు గుచ్చుకుంటాయి. వడ్రంగుల మధ్య ఈ విషయం మీద వాదన ఎప్పుడూ ఉంది. నువ్వు తీర్పు చెప్పనక్కర్లేదు. అక్కడ ఏది చేశారో చూసి రాస్తే చాలు. మేకులా స్క్రూలా అన్నది కూడా గమనించు. చెక్క తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకుని, మేకును కొంచెం కొంచెంగా పైకి తోసేస్తుంది. అందుకే కొత్తగా వేసేచోట స్క్రూలు బిగిస్తారు. ఉప్పుగాలికి మామూలు గాల్వనైజ్డ్ (జింకు) పూత ఎక్కువకాలం ఆగదు, మాలిబ్డినం కలిసిన 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు నిలుస్తుంది. పలక మీద మేకు చుట్టూ నల్లటి మరక, కిందికి జారిన తుప్పు చార కనిపిస్తే ఆ పూత పోయినట్టే.

రంగును నమ్మి వయసు చెప్పకు. ఏ కర్ర అయినా కొన్నేళ్ల ఎండకు వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. పసుపు పైన్ తేలికగా, వలయాలు వెడల్పుగా ఉంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చే ఇపే అనే గట్టి కర్ర ఒత్తుగా, నీళ్లలో వేస్తే మునిగేంత బరువుగా ఉంటుంది, ముందు రంధ్రం చేయకపోతే స్క్రూ విరుగుతుంది. అమెరికా తూర్పు తీరంలో ఇపే వాడకం మీద అడవుల నరికివేత గురించి పెద్ద చర్చ నడిచింది. కోనీ ఐలండ్‌లో కొన్ని భాగాలు కాంక్రీటుకు, ప్లాస్టిక్ పలకలకు మారాయి. 2018లో దానికి రక్షిత హోదా వచ్చినా, చెక్క చెక్కగానే ఉండాలన్న హామీ ఆ హోదాతో రాలేదు. చారిత్రకం అనే ముద్ర దేన్ని కాపాడుతుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది నీ వ్యాసంలో ఒక పేరాకు సరిపడే ప్రశ్న.

బాట కింద ఏముందో చూడాలంటే కిందికి దూరకు, చాలాచోట్ల అనుమతి ఉండదు. ఇసుకలోకి దిగే మెట్ల దగ్గర నిలబడి పక్కనుంచి చూస్తే స్తంభం, దాని తల మీద అడ్డదూలం, దాని మీద సన్న దూలాలు, వాటి మీద పలకలు వరసగా కనిపిస్తాయి. ఆ ఖాళీ ఎంత ముఖ్యమో 2013 సెప్టెంబరు 12న న్యూజెర్సీ తీరంలోనే ఉన్న సీసైడ్ పార్క్ ఊళ్లో తెలిసింది. ఏడాది కిందటి శాండీ తుఫానులో ఉప్పునీటికి దెబ్బతిన్న పాత వైర్ల నుంచి, ఒక దుకాణం అడుగున నిప్పు పుట్టింది. చెక్క కింద గాలి ఆడే ఖాళీ వెంట పరుగెత్తి యాభైకి పైగా వ్యాపారాలను బూడిద చేసింది. మంటను ఆపడానికి అప్పుడే మరమ్మతు చేసిన బోర్డ్‌వాక్‌నే 25 అడుగుల మేర పీకి కందకం తవ్వాల్సి వచ్చింది.

హోటళ్ల గురించి నువ్వు రాసిన భాగంలో విశేషణాలు ఎక్కువ, నిర్మాణం తక్కువ. ఫిలడెల్ఫియాకు చెందిన ప్రైస్ అండ్ మెక్‌లానహన్ సంస్థ చేసిన రెండు కట్టడాలను పక్కపక్కన పెట్టి రాయి. 1906 నాటి బ్లెన్‌హైమ్, ఉక్కు కడ్డీలు వేసి పోసిన కాంక్రీటు కట్టడం. ఆనాటికి ప్రపంచంలో ఆ పద్ధతిలో కట్టిన అతిపెద్ద భవనాల్లో ఒకటి. గోపురం, చిమ్నీలు, గోడల మీద సముద్ర గుర్రాలు, గవ్వల అలంకారాలు. గదిగదికీ స్నానాల గది, మంచినీటితో పాటు సముద్రపు నీటి కుళాయి. 1915లో పూర్తయిన ట్రేమోర్ ఇసుక రంగు ఇటుకతో, పసుపు పలకల గోపురాలతో లేచింది. సముద్రానికి ఎదురుగా ఉన్న స్థలం ఇరుకు, ఖరీదు ఎక్కువ. అందుకే అక్కడి పెద్ద హోటళ్లు సన్నని ముఖాన్ని బోర్డ్‌వాక్‌కు చూపి వెనక్కి పొడవుగా సాగాయి. పక్కగోడల్లో కిటికీలను బయటికి పొడుచుకొచ్చేలా కట్టారు, లోపలి గదిలో పడుకున్న అతిథికీ ఓరగా సముద్రం కనిపించాలని. గది అద్దె ఆ ఓరచూపు మీద ఆధారపడేది. రూపం వెనక ఉన్న ఆ లెక్క పట్టుకో.

ట్రేమోర్‌ను 1972లో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. బ్లెన్‌హైమ్, దాని జంట మార్ల్‌బరో 1978-79లో పోయాయి. 1976లో ఓటర్లు కాసినోలకు ఒప్పుకున్నాక 1978 మే 26న తెరిచిన మొదటి కాసినో మాత్రం పాత హాడన్ హాల్ హోటల్‌లోనే. జూదం ఒకదాన్ని కూల్చింది, ఇంకొకదాన్ని నిలబెట్టింది. 'కాసినోలు పాత నగరాన్ని మింగేశాయి' అని నువ్వు రాసిన వాక్యం అందుకే సగమే నిజం, దిద్దు.

ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో నీ సమయం ఎక్కువగా బోర్డ్‌వాక్ హాల్‌కు ఇవ్వు. 1929లో తెరిచారు. లోపల ఒక్క స్తంభం లేకుండా సుమారు 350 అడుగులు పరుచుకున్న కప్పు. దాన్ని మోసేవి మూడు కీళ్ల ఉక్కు కమానులు: రెండు పాదాల దగ్గర చెరొక కీలు, శిఖరం దగ్గర ఒకటి. ఎండకు ఉక్కు సాగినా, ఇసుకనేలలో పునాది కాస్త కుంగినా, కీళ్ల దగ్గర కమాను కొద్దిగా తిరిగి సర్దుకుంటుంది, ఎక్కడా విరగదు. 'అద్భుతమైన కప్పు' అని ఊరుకోకుండా ఈ పని తీరు చెప్పు. అద్భుతం పాఠకుడికే తోస్తుంది. 1987లో దానికి జాతీయ చారిత్రక కట్టడం హోదా వచ్చింది. అదే హాలు ఎదుట, మిసోరి అవెన్యూ దగ్గరి ఇసుక మీదికే నల్లజాతి వాళ్లను దశాబ్దాల పాటు పరిమితం చేశారు. హోటళ్లలో వంటలూ పడకలూ చూసింది, తోపుడు కుర్చీలు నెట్టింది చాలామటుకు వాళ్లే. ఆ గోపురాల సొగసు గురించి రాస్తూ, వాటి ముఖద్వారం ఎవరికి మూసి ఉండేదో రాయకపోతే ఆ వర్ణన అబద్ధమవుతుంది.

ఆధారాల మాట. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల దగ్గర డెట్రాయిట్ పబ్లిషింగ్ కంపెనీ ఫొటోలు, చారిత్రక భవనాల సర్వే కింద మార్ల్‌బరో-బ్లెన్‌హైమ్‌కు చేసిన నమోదు, శాన్‌బోర్న్ అగ్నిబీమా పటాలు ఇంటినుంచే చూడొచ్చు. ఆ పటాల్లో పసుపు రంగు చెక్క, గులాబీ ఇటుక, నీలం రాయి లేదా కాంక్రీటు. లోపల రాసిన అంకె అంతస్తులది. వేర్వేరు సంవత్సరాల పటాలు వరసగా పెట్టుకుంటే పసుపు తగ్గి గులాబీ పెరగడం కళ్లకు కడుతుంది. రంగుల పోస్ట్‌కార్డులతో జాగ్రత్త. నలుపు తెలుపు ఫొటోకు స్టూడియోలో రంగులద్దినవి అవి. చంద్రుణ్ణి, వెలిగే కిటికీలను, జనాన్ని కూడా చేత్తో దిద్దేవారు. కార్డు వెనక చిరునామాకు తప్ప ఉత్తరానికి చోటు లేకపోతే 1907 మార్చికి ముందుది. తెల్ల అంచు ఉంటే సుమారు 1915-30 మధ్యది. నారబట్టలాంటి గరుకు ఉంటే 1930 నుంచి వచ్చినవాటిలోది. ముద్రించిన ఏడాదికీ ఫొటో తీసిన ఏడాదికీ ఎంతో ఎడం ఉండొచ్చు, కూలిపోయిన పియర్ (ఒడ్డునుంచి సముద్రంలోకి సాగే వంతెనలాంటి కట్టడం) కార్డుల మీద ఏళ్ల తరబడి నిలిచే ఉంటుంది. 1944 సెప్టెంబరు 14 తుఫానుకు పోయిన హైంజ్ పియర్ కనిపించే కార్డు చూసి ఇది 1950 నాటిది అని రాయకు.

వార్తాఫొటోలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. 2012లో శాండీ వచ్చినప్పుడు బోర్డ్‌వాక్ మొత్తం కొట్టుకుపోయిందన్న వార్త దేశమంతా పాకింది. దెబ్బతిన్నది ఉత్తరాన ఇన్‌లెట్ (సముద్రపు నీరు లోపలికి వచ్చే పాయ) వైపున్న, అప్పటికే శిథిలమైన ముక్క. హోటళ్ల ముందున్న బాట నిలిచే ఉంది. నీ వ్యాసం రెండో పేజీలో అదే పాత వార్త ఉంది, తీసెయ్యి.

ఎడిసన్‌లో ఉంటున్నావు కాబట్టి మళ్లీ వెళ్లడం నీకు కష్టం కాదు. ఈసారి కాసినోల లోపలికి పోకుండా వార్నర్ థియేటర్ ముఖభాగం ఎదుట నిలబడు. 1929 నాటి ఆ థియేటర్‌లో మిగిలింది ఆ గోడ ఒక్కటే. దాని మీద నగిషీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయాయో, పక్కనున్న కొత్త గోడతో ఎలా అతికించారో, అతుకు దగ్గర ఏ పదార్థం వాడారో చూసి ఒక పేజీ రాయి. కొలతలు అడుగులు, అంగుళాల్లోనే ఉంచు. ఫొటో తీస్తే టేపో చెయ్యో పక్కన కనిపించేలా తియ్యి. ఆ పేజీ ముందు పంపు, మిగతా వ్యాసం దాని తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య