బొమ్మలాటకు ఎనిమిది నిమిషాలు చాలవు

(మీ ప్రశ్న – మా జవాబు శీర్షికలో ఈ నెల టీవీ గురించి వచ్చిన ఉత్తరాలకు, బెంగళూరులో ఉంటున్న హిందూపురం వాస్తవ్యులు, సీనియర్ వీడియో ఎడిటర్ ఒకరు జవాబులు రాస్తున్నారు.)

ప్రశ్న: మాది మదనపల్లె. పెళ్ళయ్యాక ముప్ఫై ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నాం. ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంది. సప్తగిరి పెట్టినా, యాదగిరి పెట్టినా నాకు మాత్రం ఎప్పుడో చూసిన కార్యక్రమమే మళ్ళీ వస్తున్నట్టుంటుంది. ప్రైవేటు ఛానళ్ళలో రోజూ ఏడుపులు, పగా ప్రతీకారాలు. మన ఊళ్ళ కథలు, మన కళలు ప్రభుత్వ టీవీ కొత్తగా ఇంకా ఎక్కువ ఎందుకు తీయదు? డబ్బు లేకనా, మనసు లేకనా?
– ఒక పాఠకురాలు, రామమూర్తినగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక అటక మీది ఇనప్పెట్టె కిందికి దించాను. అందులో పదకొండు టేపులున్నాయి. ఒక్కోదాని మీద నా చేతిరాతతో 'నిమ్మలకుంట' అని ఉంది. ముందు వాటి సంగతి చెప్పి, తర్వాత డబ్బు దగ్గరికి వస్తాను.

2004 వేసవిలో నేనూ, కెమెరా పట్టే నా మిత్రుడూ యశ్వంతపురంలో రైలెక్కి ధర్మవరంలో దిగాం. అక్కడికి దగ్గర్లోనే నిమ్మలకుంట, తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరు. పగలంతా ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాం. మేక తోలు గీకి, ఆరబెట్టి, వెలుతురు దాటేంత పలచన చేసి, దాని మీద హనుమంతుణ్ణి గీశాడు. తర్వాత చిన్న ఉలి తీసుకుని నగలు ఉండాల్సిన చోటల్లా కన్నాలు కొట్టడం మొదలుపెట్టాడు. మెడలో హారానికే వంద దాకా ఉంటాయి. "ఈ కన్నాల్లోంచే వెలుగు రావాల నాయనా, అప్పుడే నగ మెరిసేది" అన్నాడు.

రాత్రి తొమ్మిదిన్నరకు ఆట మొదలైంది. నేను మైకు పట్టుకుని తెర వెనక కూర్చున్నాను. తెర ముందున్న వాళ్ళకు అశోకవనంలో సీతమ్మ కనిపిస్తుంది. నాకు కనిపించింది అరవై దాటిన ఒకామె. ఒళ్ళో మనవడు నిద్రపోతున్నాడు. ఒక చేత్తో బొమ్మ పుల్ల ఆడిస్తూ ఆమె సీతమ్మ పద్యం పాడుతోంది. యుద్ధం వచ్చేసరికి మగవాళ్ళు కాళ్ళ కింది చెక్కపలకలు దడదడా తొక్కారు. హెడ్‌ఫోన్ పెట్టుకున్న నా చెవులు అదిరిపోయాయి. పిల్లవాడు మాత్రం కదల్లేదు, పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడే కదా. నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి ఆ ఏటి కరువు మీద, ఎండిపోయిన బోర్ల మీద పోట్లాడుకుంటుంటే ఊరంతా పగలబడి నవ్వింది. తెల్లవారి టీ తాగేటప్పుడు ఆ ఇంట్లోవాళ్ళు తమలో తాము మరాఠీ మాండలికంలో మాట్లాడుకోవడం విన్నాను. రాత్రంతా అచ్చమైన తెలుగు ద్విపద పాడింది వీళ్ళే.

దాన్ని యాభై రెండు నిమిషాల చిత్రంగా కూర్చాను. ఒక ఛానల్ వాళ్ళకు చూపించాం. చాలా బాగుందన్నారు. ఎనిమిది నిమిషాలకు కుదించి, నడుమ నడుమ యాంకర్‌తో వివరణ చెప్పించమన్నారు. ఎనిమిది నిమిషాల్లో బొమ్మ కనిపిస్తుంది, ఆట కనిపించదు. ఆమె పాడిన ఒక్క పద్యమే నాలుగు నిమిషాలుంది. నా మనసు ఒప్పలేదు. తర్వాత కొన్నేళ్ళకు ఆమె పోయిందని తెలిసింది. ఆ గొంతు నా పెట్టెలో ఉంది.

ఇక డబ్బు. ఒకప్పుడు మనమంతా రేడియోకీ, టీవీకీ లైసెన్సు రుసుము కట్టేవాళ్ళం. 1980ల నడుమ అది ఎత్తేశారు. 1997లో ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి ఏర్పడినా, జీతాలకు ఇప్పటికీ ముఖ్య ఆధారం కేంద్రం ఇచ్చే గ్రాంటే. మిగతాది ప్రకటనల నుంచి, ఫ్రీ డిష్‌లో ప్రైవేటు ఛానళ్ళకు వేలంలో ఇచ్చే స్లాట్ల నుంచి రావాలి. 2023 జనవరిలో ఆకాశవాణి, దూరదర్శన్‌ల కోసం కేంద్రం 2,539 కోట్ల రూపాయల పథకాన్ని 2025-26 వరకు ఆమోదించింది. అందులో పెద్ద పని ట్రాన్స్‌మిటర్లు, స్టూడియో పరికరాలు. అవి కావాలి, కాదనను. కానీ మంచి కెమెరాను డబ్బుంటే ఒక్క పూటలో కొనుక్కోవచ్చు. అనంతపురం యాసలో సంభాషణ రాసే మనిషి, రాత్రంతా తెర వెనక కూర్చుని శబ్దం పట్టే మనిషి ఒక్క పూటలో దొరకరు. వాళ్ళు తయారవడానికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళూ వాళ్ళకు చేతినిండా పని ఉండాలి.

అందుకే నేను అడిగేది ఒకటే. ప్రతి దూరదర్శన్ కేంద్రం వారానికి ఒక గంటను బయటి నిర్మాతలకు కేటాయించాలి. ఒకే రోజు, ఒకే సమయం, మూడేళ్ళ పాటు కదలకూడదు. తక్కువ రేటు చెప్పినవాళ్ళకు కాకుండా ఆ ప్రాంతం తెలిసినవాళ్ళకు ఇవ్వాలి. బాగా రాకపోతే రెండో చిత్రానికి అవకాశం ఇవ్వాలి. మొదటి చిత్రంతోనే చేయి తిరిగినవాణ్ణి ఈ ముప్ఫై ఏళ్ళలో నేను చూడలేదు.

ఇది అయ్యే పనే. 'మాల్గుడి డేస్' సీరియల్ మన కళ్ళముందుంది. బెంగళూరు నిర్మాత, శంకర్ నాగ్ దర్శకత్వం, కర్ణాటక కొండసీమ మలెనాడు వానల్లో తడిసే ఆగుంబే అనే చిన్న ఊరు. 1980ల్లో దూరదర్శన్ బయటివాళ్ళకు తలుపు తీసింది కాబట్టే అది పుట్టింది. నాకున్న వెలితి ఒక్కటే. కన్నడం మాట్లాడే ఊరి అరుగుల మీద తీసి, మాటలు హిందీలో, ఇంగ్లీషులో పెట్టారు. ఇప్పుడు అదే పని ఆ ఊరి భాషలోనే జరగాలి.

మనసు లేదని మాత్రం అననమ్మా. కేంద్రాల్లో పనిచేసే చాలామందిని ఎరుగుదును. మన కళల మీద ప్రాణం పెట్టినవాళ్ళున్నారు. వాళ్ళ చేతికి గంట సమయం, ఖర్చు పెట్టే అధికారం రావాలి.

ప్రశ్న: మా మనవళ్ళు ఇద్దరూ ఇక్కడే పుట్టారు. తెలుగు గడగడా మాట్లాడతారు, ఒక్క అక్షరం చదవలేరు. వీళ్ళ కోసం దూరదర్శన్ ఏం చేయగలదు?
– ఒక తాతగారు, మారతహళ్ళి

జవాబు: తాతగారూ, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని దూరదర్శన్ కన్నడ ఛానల్ డీడీ చందన పెట్టండి. 'థట్ అంత హేళి' అనే కన్నడ క్విజ్ చూపించండి. ఠక్కున చెప్పు అని అర్థం. 2002లో మొదలై వేల ఎపిసోడ్లు నడిచింది. నడిపే నా. సోమేశ్వర గారు వృత్తిరీత్యా డాక్టరు. అందులో బహుమతి ఏమిటో తెలుసా? పుస్తకాలు. సరైన జవాబు చెప్పినవాళ్ళకు కన్నడ పుస్తకం చేతికిస్తారు. హంగామా లేదు, అరుపులు లేవు, ఖరీదైన సెట్టు లేదు. మా ఎదురింటి అమ్మాయి స్కూలు బ్యాగు దించకుండానే టీవీ ముందు నిలబడి జవాబులు అరిచేది. ఇప్పుడు ఇంజనీరు. ఇంట్లో కన్నడ పుస్తకాల బీరువా ఉంది.

తెలుగులో ఇలాంటిది విజయవాడ, హైదరాబాదు కేంద్రాలు కలిసి చేయాలని నా కోరిక. పొడుపుకథలు, జాతీయాలు, పద్యం సగం చెప్పి మిగతా సగం అడగడం. బెంగళూరు, చెన్నై, హోసూరు పిల్లల్ని ఫోన్లో కలుపుకోవాలి. ప్రశ్న తెర మీద పెద్ద తెలుగు అక్షరాల్లో పడాలి, చదివితేనే జవాబు ముందు చెప్పగలగాలి. మీ మనవళ్ళు పోటీలో గెలవాలన్న పంతంతోనే అక్షరాలు పట్టేస్తారు, చూడండి.

ప్రశ్న: ఇవన్నీ మనం రాసుకుని చదువుకోవడమే గానీ, ఎవరైనా వింటారా?
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: వింటారండీ. బ్రిటన్‌లో భాగమైన వేల్స్ సంగతి చెబుతాను. అక్కడి వెల్ష్ భాషకు టీవీ ఛానల్ పెడతామని 1979లో మాటిచ్చిన బ్రిటిష్ ప్రభుత్వం తర్వాత వెనక్కి తగ్గింది. గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే అరవై దాటిన నాయకుడు ఆమరణ నిరాహారదీక్షకు కూర్చుంటానని ప్రకటించాడు. దీక్ష మొదలుకాకముందే, 1980 సెప్టెంబరులో ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ఎస్4సీ ఛానల్ మొదలైంది. 2021 లెక్కల ప్రకారం వేల్స్‌లో ఆ భాష మాట్లాడేవాళ్ళు 5 లక్షల 38 వేల మంది. వాళ్ళకు పిల్లల కార్టూన్ల నుంచి వార్తల దాకా సొంత భాషలో ఛానల్ ఉంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు 8 కోట్ల పైమాట.

మనం దీక్షలు చేయక్కర్లేదు. 1990 నాటి ప్రసార భారతి చట్టంలో 12వ సెక్షన్ ఉంది. దేశంలోని వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగినంత చోటివ్వడం సంస్థ బాధ్యత అని అందులో ఉంది. ఉత్తరం రాసేటప్పుడు ఆ సెక్షన్ పేర్కొనండి. సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు కూడా పెట్టండి: పోయిన మూడేళ్ళలో ఈ కేంద్రం కొత్తగా తీసినవి ఎన్ని గంటలు, పునఃప్రసారాలు ఎన్ని గంటలు, బయటి నిర్మాతలకు ఇచ్చింది ఎంత. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నేను ఇప్పటికే రెండు దరఖాస్తులు సిద్ధం చేశాను, ఒకటి విజయవాడకు, ఒకటి హైదరాబాదుకు. నిమ్మలకుంట టేపుల్ని డిజిటల్‌లోకి ఎక్కించడానికి శివాజీనగర్‌లో ఒక కుర్రాడికి ఇచ్చాను. మూడు టేపుల్లో బొమ్మ కాస్త చెదిరింది, శబ్దం మాత్రం బాగానే ఉందని నిన్న ఫోన్ చేశాడు. దరఖాస్తులకు జవాబులు రాగానే ఈ శీర్షికలోనే అచ్చు వేయిస్తాను.