ప్లాటు అమ్మి లండన్ పంపాలా, ఇక్కడే ఎంఎస్‌డబ్ల్యూ చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో డిగ్రీ ఫైనలియర్. సోషల్ వర్క్ చదివి శరణార్థుల కోసం పనిచేస్తానంటోంది. కన్సల్టెన్సీ వాళ్లు లండన్‌లో మైగ్రేషన్ ఎంఏ మంచిదంటున్నారు. ప్లాటు అమ్మాలి. ఇక్కడి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) నయమా? సంఘసేవ అంటే సంబంధాలు కూడా రావేమోనని టెన్షన్. - ఒక తండ్రి, కాజీపేట

జవాబు: సార్, మీ అసలు భయం బిడ్డ బతుకు ఎట్లా అని. ఇది జీతం తీసుకొని చేసే పని. మొదట్లో జీతం తక్కువే, కానీ పనికి కరువు లేదు. బాలల పరిరక్షణ విభాగాలు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి కేంద్రాలు, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు ఈ చదువున్నవాళ్లను తీసుకుంటాయి.

2024 చివరికి ప్రపంచంలో 12.3 కోట్ల మంది యుద్ధాలకు, హింసకు ఇల్లు విడిచి ఉన్నారు. వాళ్లలో తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రుల దగ్గరికి చేర్చడం, కాగితాల్లేని వాళ్ల పేర్లు నమోదు చేయించడం, దెబ్బతిన్న ఆడవాళ్లను డాక్టరు దాకా, లాయరు దాకా తీసుకెళ్లి మధ్యలో వదలకపోవడం సోషల్ వర్కర్ల పని.

లండన్ చదువు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఇంగ్లండ్‌లో సోషల్ వర్కర్‌గా పనిచేయాలంటే 'సోషల్ వర్క్ ఇంగ్లండ్'లో రిజిస్టర్ కావాలి. మైగ్రేషన్ ఎంఏతో అది రాదు. ఈ సంగతి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారా? ఐక్యరాజ్యసమితి ఉద్యోగం ఆశ చూపితే, 2025లో నిధులు తగ్గి అక్కడి శరణార్థుల సంస్థే దాదాపు 3,500 పోస్టులు తీసేసిందని గుర్తుపెట్టుకోండి. పైగా 2024 చివరికి శరణార్థుల్లో నూటికి 73 మంది ఉన్నది పేద, మధ్యాదాయ దేశాల్లోనే, అంటే పని ఎక్కువ ఉన్నది లండన్‌లో కాదు.

అంత దూరం ఎందుకు, ములుగు, భూపాలపల్లి అడవుల్లో గుత్తికోయలనే ఆదివాసీలున్నారు. 2005 నుంచి, మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్‌లో ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు. దేశం దాటలేదు కాబట్టి చట్టం లెక్కలో శరణార్థులు కారు. ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు, పోడు భూమికి పట్టా రాదు. కాకతీయ యూనివర్సిటీలో ఎంఎస్‌డబ్ల్యూలో చేరితే ఫీల్డ్‌వర్క్‌కు ఆ గూడేలే అడగమనండి. కోయ భాష నాలుగు ముక్కలు వస్తే ఇంకా మంచిది.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ప్లాటు గురించి రాశారు, సంబంధాల గురించి రాశారు. ఆ పిల్లకు ఈ పని మీద మనసు ఎందుకు పోయిందో ఒక్క ముక్క రాయలేదు. అసలు అడిగారా? ఈ పనికి కావలసిన మొండితనం ఆమెకుందో లేదో ఆ జవాబులోనే తెలుస్తుంది.

ప్లాటు ఉండనివ్వండి. ఎంఎస్‌డబ్ల్యూ అయ్యాక రెండేళ్లు పనిచేసి, అప్పటికీ లండన్ మీదే మనసుంటే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయనివ్వండి. దానికి రెండేళ్ల అనుభవం కావాలి. వస్తే ఖర్చు బ్రిటన్ ప్రభుత్వానిదే.