ఇండస్ట్రియల్ ఇంజినీర్లు చేసిన అద్భుతం ఏదైనా ఉందా?

ప్రశ్న: మా తమ్ముడికి ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. ఇంజినీరింగ్ అద్భుతాలు అని వెతికితే డ్యాములు, వంతెనలు, రాకెట్లే కనిపిస్తున్నాయి. ఈ బ్రాంచ్ వాళ్లు చేసిన అద్భుతం అంటూ ఏదైనా ఉందా? అసలు వాళ్ల పనేమిటి?

జవాబు:

ఇదే ప్రశ్న మా పెద్దమ్మ నన్ను పదేళ్లుగా అడుగుతోంది. "సివిలోళ్లు ఇండ్లు కడతరు, కరెంటోళ్లు కరెంటు జూస్తరు, నువ్వేం జేస్తవ్‌రా?" అని. గార్మెంట్ ఫ్యాక్టరీలో పని అని చెబితే "అయితే అంగీలు కుడతవా?" అంది. కుట్టను, కుట్టేవాళ్ల పక్కన నిలబడి టైము చూస్తాను అన్నాను. ఆ మాటతో ఉన్న కాస్త పరువూ పోయింది.

ముందు అద్భుతం సంగతి. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఆ లిస్టుల్లో మీకు కనిపించే ఉంటుంది. దాన్ని సివిల్ వాళ్ల ఖాతాలో వేస్తారు. ఎత్తు వరకు అది న్యాయమే. కానీ 102 అంతస్తుల ఆ భవనం పని 1930 మార్చి 17న మొదలైతే, 1931 మే 1కల్లా ప్రారంభోత్సవం అయిపోయింది. మొత్తం 410 రోజులు. మా ఎదురింటివాళ్లు రెండంతస్తులకి మూడేళ్లు తీసుకున్నారు. ఇసుక దొరక్క ఒక ఏడాది, మేస్త్రి చెప్పకుండా ఊరెళ్లిపోయి ఇంకో ఏడాది.

అక్కడ అసలు చిక్కు ఎత్తు కాదు, చోటు. చుట్టూ మన్‌హటన్ రద్దీ, సరుకు దింపి పెట్టుకోవడానికి జాగా లేదు. అందుకని ప్రతి ఉక్కు దూలం మీదా అది ఏ అంతస్తుకి, ఏ క్రేన్‌కి వెళ్లాలో ముందే గుర్తు వేసి, పైన కావాల్సిన వేళకి లారీలో తెప్పించేవారు. వచ్చింది వచ్చినట్టు పైకి పోయేది. వారానికి సగటున నాలుగున్నర అంతస్తుల ఉక్కు చట్రం లేచింది.

ఇటుకల సంగతి ఇంకా బాగుంటుంది. దాదాపు కోటి ఇటుకలు. మామూలుగా అయితే రోడ్డు పక్కన కుప్ప పోసి, తోపుడు బండ్లలో మోయాలి. వీళ్లు లారీలోంచి ఇటుకలు నేరుగా జారుడు గొట్టంలో పడి నేలమాళిగలోని పెద్ద తొట్టెల్లో చేరేలా కట్టారు. తొట్టె కింద ట్రాలీ నింపితే, లిఫ్టులో పైకెళ్లి, ప్రతి అంతస్తులోనూ వేసిన చిన్న రైలు పట్టాల మీద మేస్త్రీ దగ్గరికే వెళ్లేది. మధ్యాహ్నం తిండికి కిందికి దిగి ఎక్కడంలోనే విరామం అంతా అయిపోతుందని కొన్ని అంతస్తుల్లో క్యాంటీన్లు పెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ క్యాంటీన్లే.

పని అయ్యాక ఆ పట్టాలు, తొట్టెలు, క్యాంటీన్లు అన్నీ పీకేశారు. ఇప్పుడు టికెట్ కొని పైకెక్కేవాళ్లకి ఊరంతా కనిపిస్తుంది కానీ అవి కనిపించవు. మీ వెతుకులాటలో మా బ్రాంచ్ దొరకకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను. ఆ ఏర్పాట్లు చేసిన కాంట్రాక్టర్లని ఇండస్ట్రియల్ ఇంజినీర్లు అని ఎవరూ పిలవలేదు, అది వేరే విషయం. పని మాత్రం అదే: మనుషులు, యంత్రాలు, సరుకు, సమయం ఒకదాని కోసం ఒకటి ఆగకుండా అమర్చడం.

ఓడల్లో వెళ్లే కంటైనర్ కూడా ఈ కోవలోదే. 1956లో మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని 58 పెట్టెల్ని ఓడలో న్యూజెర్సీ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. మూటలు, పీపాలుగా విడివిడిగా ఉండే సరుకు ఓడకి ఎక్కించడానికి అప్పట్లో టన్నుకి 5.86 డాలర్లు అయ్యేది, పెట్టెలతో అది 16 సెంట్లకి దిగింది. ఉత్త ఇనప పెట్టె, చూడ్డానికి అందులో ఏమీ లేదు.

మన దగ్గరిది కావాలంటే నాగార్జునసాగర్. మా తాతది దేవరకొండ వైపు, ఆ డ్యాం పనిలో రాళ్లు మోశాడు. 1955 డిసెంబరులో శంకుస్థాపన, 1967లో కాలువలకి నీళ్లు. 124 మీటర్ల ఎత్తు, రాతి కట్టడం. అదే కాలంలో భాక్రా కాంక్రీటుతో లేచింది. మనకి చేతకాక రాయితో కట్టారని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. నిజానికి అప్పుడు సిమెంటు, యంత్రాలు కొరత. రాయి ఉంది, కట్టే చేతులు ఉన్నాయి. ఉన్నదాన్ని బట్టి పద్ధతి ఎంచుకోవడం మా సబ్జెక్టులో మొదటి పాఠం. పాలమూరు కూలీలు, మా తాతలాంటివాళ్లు కర్రల పరంజాల మీద రాళ్లు మోసుకెళ్లి దాన్ని లేపారు. తాత మాత్రం ఇదంతా వినేవాడు కాదు. "లెక్కలు మీవి, మెడలు మావి" అనేవాడు.

ఇక నా సొంత అనుభవం. చదువయ్యాక హిందూపురం వైపు ఒక షర్టుల ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ మా డిపార్ట్‌మెంట్‌ని ఐఈ అంటారు, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌కి పొట్టి పేరు. షర్టు ఒక్కరే కుట్టరు. కాలర్ ఒకరు, కఫ్ ఒకరు, స్లీవ్ ఒకరు, ఇలా లైన్ అంతా కలిసి కుడతారు. లైన్‌లో అందరికంటే నెమ్మదిగా సాగే పని ఎంత ఇస్తే షర్టులు అన్నే వస్తాయి, మిగతావాళ్లు ఎంత వేగంగా కుట్టినా సరే. దాన్నే బాటిల్‌నెక్ అంటాం.

మొదటి నెలలో కాలర్ అటాచ్ చేసే అక్క దగ్గర స్టాప్‌వాచ్‌తో నిలబడ్డాను. సూది గుడ్డకి తగిలినప్పుడు నొక్కాను, దారం కట్ చేసినప్పుడు ఆపాను. 40 సెకన్లు. అంటే, అలసటకీ విరామాలకీ వదలాల్సిన టైము (అలవెన్సులు) పక్కన పెడితే, గంటకి 90. సూపర్‌వైజర్ ఆ అంకె బోర్డు మీద రాసేశాడు. రెండు రోజులు చూస్తే 65 దాటలేదు. అక్క ముందు కుట్టాల్సిన ముక్కల కట్టలు పేరుకుపోయాయి, తర్వాతి మెషీన్లవాళ్లు ఖాళీగా కూర్చున్నారు. సూపర్‌వైజర్ అందరి ముందూ ఆమెని తిట్టాడు. ఆమె ఏడవలేదు, అతనికి జవాబూ చెప్పలేదు. నావైపు తిరిగి, "సార్, కుట్టేది మాత్రం రాసుకుంటిరి. వంగి కట్ట ఇప్పేది, నంబర్లు చూసి జత పెట్టేది ఎవరు రాస్తారు?" అంది.

కట్టలు ఆమె కాళ్ల దగ్గర, నేల మీద ఉన్నాయి. ప్రతి కట్టకీ వంగాలి, విప్పాలి, రంగు తేడా రాకుండా కాలర్ నంబరూ బాడీ నంబరూ సరిచూడాలి. నేను ఆ టైమంతా వదిలేశాను. తప్పు నాది, తిట్లు ఆమెకి. ఇందులో సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. ఆయన తాపీ పని నుంచి పైకొచ్చినవాడు. ప్రతి ఇటుకకీ మేస్త్రీ కిందికి వంగుతుంటే ఒళ్లంతా ఎత్తాల్సి వస్తోందని గమనించి, ఇటుకలు నడుము ఎత్తులో ఉండేలా పరంజా కట్టించాడు. ఒక ఇటుకకి 18 కదలికలు పట్టేది ఐదుకి వచ్చింది, గంటకి 120 ఇటుకలు పేర్చేవాడు 350 పేర్చాడు. అంత చదివి, నా కళ్లముందు వంగుతున్న మనిషిని చూడలేదు.

స్టోరులో కాలు విరిగిన టేబుల్ ఒకటి దొరికితే బాగు చేయించి, ఆమె ఎడమ పక్కన మెషీన్ ఎత్తులో వేయించాం. కట్ట విప్పి జత పెట్టే పని హెల్పర్‌కి ఇచ్చాం. బోర్డు మీది అంకె కూడా తగ్గించమని అడిగాను, దానికి మాత్రం వారం పట్టింది. కాలర్ దగ్గర కుప్ప కరిగింది. కరిగి ఎక్కడికి పోయింది? స్లీవ్ దగ్గరికి. ఈ ఉద్యోగంలో రోజూ జరిగేది అదే.

ఆ తర్వాత గమనించాను, నేను వాచీ తీస్తే చాలు లైన్‌లో అందరి చేతులూ కాస్త నెమ్మదిస్తాయి. అది బద్ధకం కాదు, తెలివి. ఈరోజు వేగంగా కుడితే రేపు టార్గెట్ పెరుగుతుందని వాళ్లకి తెలుసు. ఇది పాత గొడవే. స్టాప్‌వాచ్ పద్ధతికి ఆద్యుడైన టేలర్ విధానాలు అమెరికాలో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పెట్టబోతే, 1911లో కార్మికులు సమ్మె చేశారు. 1915లో అక్కడి చట్టసభ సైన్యం డబ్బుతో నడిచే చోట్ల స్టాప్‌వాచ్‌ని నిషేధించింది, 1949 దాకా అది కొనసాగింది. చేతిలో పట్టే ఒక గడియారం మీద ముప్పై ఏళ్లకి పైగా నిషేధం! మీ తమ్ముడి సిలబస్‌లో ఇది ఉంటుందో లేదో కానీ, ఉండాలి.

సీటు విషయానికొస్తే, స్టాటిస్టిక్స్, ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న వనరులతో ఏది మేలో లెక్కగట్టి తేల్చే సబ్జెక్టు) అంటే భయం లేకపోతే చేరమనండి. లెక్కలు బాగానే ఉంటాయి. ఉద్యోగాల్లో ఈ పేరు వెతికితే తక్కువే దొరుకుతాయి. ప్లానింగ్, సప్లై చైన్, ఆపరేషన్స్, క్వాలిటీ అని చూడాలి. ఆసుపత్రులు, గోడౌన్లు కూడా ఇప్పుడు వీళ్లని తీసుకుంటున్నాయి. కోర్సులో ఉండగానే ఏదో ఒక ఫ్యాక్టరీలో రెండు నెలలు ఉండి రమ్మనండి. వాచీ తీసే ముందు ఒకసారి ఆ కుర్చీలో కూర్చుని తనే కుట్టి చూడమనండి. నేను తర్వాత కూర్చున్నాను. నా మొదటి కాలర్‌కి పదకొండు నిమిషాలు పట్టింది, అదీ వంకరగా వచ్చింది.